సీలు విప్పిన తరువాత మొదలయ్యే గడువు

అంగడిలో ఒక పొట్లం చేతికి తీసుకున్నప్పుడు ముస్లిం గృహిణి మొదట వెదికేది అందులో హరామ్ పదార్థం ఏదైనా కలిసిందా అన్నదే. జిలెటిన్ ఉందా, మద్యం తాలూకు సారం ఉందా, జంతువుల కొవ్వు ఉందా అని చూస్తుంది. అనుమానం వస్తే తిరిగి అక్కడే పెట్టేస్తుంది. ఇది అభినందించదగిన జాగ్రత్త. అయితే అదే పొట్లం ఇంటికి వచ్చి, మూత తెరుచుకొని, వంటగది అరలో చేరిన తరువాత దాని గురించి ఎవరూ పట్టించుకోరు. దానిని ఎప్పుడు తెరిచాం, ఎన్ని రోజులు వాడవచ్చు, ఏ చెంచా అందులో ముంచుతున్నాం అన్న ప్రశ్నలు ఎవరికీ తట్టవు.

దివ్య ఖుర్‌ఆన్ అల్ బఖర సూరాలోని 168వ వాక్యం భూమిపై ఉన్న వాటిలో హలాల్ అయినవాటిని, తయ్యిబ్ అయినవాటిని తినమని మానవులందరినీ ఉద్దేశించి ఆదేశిస్తుంది. ఇక్కడ రెండు మాటలున్నాయి. హలాల్ అంటే ధర్మసమ్మతమైనది. తయ్యిబ్ అంటే పరిశుద్ధమైనది, ఆరోగ్యకరమైనది, మనసుకు హితమైనది. కొన్ననాడు హలాల్‌గా ఉన్న వస్తువు తెరిచిన పది రోజుల తరువాత తయ్యిబ్‌గా మిగిలిందా లేదా అన్నది తయారీదారుని చేతిలో లేదు. అది మన చేతిలోనే ఉంది.

కంగ్టిలో ఒక వంటగది

తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్ర సరిహద్దులు దగ్గరపడే చోట ఉన్న మండల కేంద్రం కంగ్టి. ఒకప్పటి మెదక్ జిల్లాలోనిది. 2016 అక్టోబరులో జరిగిన జిల్లాల పునర్వ్యవస్థీకరణలో సంగారెడ్డి జిల్లాలో, నారాయణఖేడ్ డివిజన్ కిందికి వచ్చింది. తెలుగు, ఉర్దూ, కన్నడం, మరాఠీ నాలుగు భాషలూ వినిపించే ప్రాంతమిది. పాకెట్ ఆహారం ఒకప్పుడు నగరాలకే పరిమితమైన వ్యవహారం. నేడు ఇటువంటి ఊళ్ళలోని చిన్న కిరాణా దుకాణంలో కూడా పాల డబ్బాలు, సాస్ సీసాలు, అల్లం వెల్లుల్లి ముద్ద, మసాలా పొట్లాలు, బ్రెడ్డు, శీతల పానీయాలు దొరుకుతున్నాయి.

అక్కడి ఒక సాధారణ కుటుంబాన్ని ఊహించుకుందాం. వంటగది అరలో అంగన్‌వాడీ నుంచి తెచ్చిన బాలామృతం పొట్లం మూతి మడిచి ఉంది. దాని పక్కన సగం వాడిన టమాటా సాస్ సీసా, రంజాన్ నాటి సేమియా మిగులు, చిన్నబాబు కోసం కొన్న పాలపొడి డబ్బా ఉన్నాయి. కోడలు సాస్ సీసా మూత తెరిచి, అంచున నల్లని చుక్కలు చూసి పారవేయబోతుంది.

“ఆగమ్మా, పైన తుడిచేస్తే సరిపోతుంది కదా! అన్నం పారేస్తే అల్లాహ్ దగ్గర జవాబు చెప్పుకోవాలి” అంటుంది అత్తగారు.

“అమ్మీ, ఇది ఎప్పుడు తెరిచామో కూడా గుర్తు లేదు. పిల్లలు తింటారు” అంటుంది కోడలు.

“దాదీ, దీని మీద వచ్చే సంవత్సరం తేదీ ఉంది” అని ఏడో తరగతి చదువుతున్న మనవరాలు లేబుల్ చదివి చెబుతుంది.

ఈ ముగ్గురి మాటల్లోనూ కొంత నిజం ఉంది. ఆహారాన్ని వృథా చేయడం పాపమన్న పెద్దావిడ భయం సరైనదే. పిల్లల ఆరోగ్యం గురించిన తల్లి ఆందోళన సరైనదే. మనవరాలు చదివిన తేదీ కూడా తప్పు కాదు. అయితే ఆ తేదీ ఏమి చెబుతుంది, ఏమి చెప్పదు అన్నది ముగ్గురికీ తెలియదు. వారి తర్జనభర్జన అక్కడే చిక్కుకుపోయింది.

పొట్లంపై తేదీ ఎవరి కోసం?

మన దేశంలో పాకెట్ ఆహారం 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పరిధిలోకి వస్తుంది. దానిని అమలు చేసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ. ఆ సంస్థ 2020లో తెచ్చిన లేబులింగ్ నిబంధనల ప్రకారం తయారైన లేదా ప్యాక్ చేసిన తేదీతో పాటు ‘ఎక్స్‌పైరీ’ లేదా ‘యూజ్ బై’ తేదీ ముద్రించాలి. ‘బెస్ట్ బిఫోర్’ అన్న మాట కూడా కొన్ని పొట్లాలపై కనిపిస్తుంది.

ఈ మాటలు ఒకటి కావు. ‘బెస్ట్ బిఫోర్’ అంటే ఆ తేదీ వరకు రుచి, వాసన, కరకరలాడే గుణం ఉత్తమంగా ఉంటాయని అర్థం. అది నాణ్యతకు సంబంధించినది. ‘ఎక్స్‌పైరీ’, ‘యూజ్ బై’ అంటే ఆ తేదీ దాటితే తినవద్దని, అమ్మవద్దని అర్థం. అది భద్రతకు సంబంధించినది. అన్నిటికీ వర్తించే షరతు ఒకటుంది. ఆ తేదీలన్నీ సీలు చెక్కుచెదరకుండా, లేబుల్‌పై చెప్పిన చోట, చెప్పిన చల్లదనంలో ఉంచిన పొట్లానికి మాత్రమే చెల్లుతాయి. సీలు విప్పిన క్షణంలో ఆ హామీ ముగుస్తుంది. అప్పటి నుంచి మరో గడువు మొదలవుతుంది. ఆ రెండో గడువు తరచుగా లేబుల్ అడుగున చిన్న అక్షరాలలో ఉంటుంది: తెరిచిన తరువాత ఫ్రిజ్‌లో ఉంచండి, ఇన్ని రోజుల్లో వాడండి అని.

మరో చిక్కు ఏమిటంటే, చట్టం ప్రకారం లేబుల్‌పై వివరాలు ఆంగ్లంలో గానీ దేవనాగరి లిపిలోని హిందీలో గానీ ఉంటే చాలు. ప్రాంతీయ భాషలో ముద్రించడం తయారీదారుని ఇష్టం. తెలుగు లేదా ఉర్దూ మాత్రమే చదవగలిగిన దాదీకి ఆ చిన్న అక్షరాలు ఉన్నా లేనట్లే. అందుచేత కొత్త పొట్లం ఇంటికి రాగానే బడికి వెళ్ళే బిడ్డ చేత లేబుల్ చదివించడం అలవాటుగా చేసుకోవాలి. ఆ చదువు ఇంటికి అందించే సేవల్లో ఇదీ ఒకటి.

సీలు లోపల ఏముంది, బయట ఏముంది?

కర్మాగారంలో ఆహారాన్ని నిలువ చేసే పద్ధతులు అనేకం. టెట్రా ప్యాక్ పాలను సుమారు 135 డిగ్రీలకు పైగా కొన్ని సెకన్లపాటు వేడిచేసి, సూక్ష్మజీవులు లేని పెట్టెలో నింపుతారు. అందుకే అవి తెరవనంత వరకు ఫ్రిజ్ లేకుండా నెలల తరబడి నిలుస్తాయి. మామూలు పాకెట్ పాలను సుమారు 72 డిగ్రీలకు 15 సెకన్లు మాత్రమే వేడిచేస్తారు. అది రోగకారక క్రిములను చంపుతుంది గానీ అన్నిటినీ చంపదు. అందుకే వాటిని తెరవకపోయినా చల్లగానే ఉంచాలి. పాలపొడి, మసాలాపొడి, సేమియా వంటివి తేమ లేకపోవడం వల్ల నిలుస్తాయి. జామ్ చక్కెర వల్ల, పచ్చడి ఉప్పు, పులుపు, నూనెల వల్ల, సాస్ వెనిగర్ వల్ల నిలుస్తాయి. చిప్స్ పొట్లంలో గాలికి బదులు నైట్రోజన్ నింపుతారు.

మూత తెరవగానే ఈ రక్షణల్లో కొన్ని తొలగిపోతాయి. గాలి, తేమ, చేతి మురికి, తడి చెంచా, ఈగలు, దుమ్ము లోపలికి దారి వెదుక్కుంటాయి. సుమారు 5 డిగ్రీల నుంచి 60 డిగ్రీల వరకు ఉన్న వేడి సూక్ష్మజీవులకు పండుగ వంటిది. అనుకూల పరిస్థితుల్లో కొన్ని రకాల బ్యాక్టీరియా ఇరవై నిమిషాలకొకసారి రెట్టింపవుతాయి. ఒక క్రిమి రెండు గంటల్లో 64, నాలుగు గంటల్లో 4,096, ఏడు గంటల్లో ఇరవై లక్షలు దాటుతుంది. అందుకే వండిన లేదా తెరిచిన తేమగల ఆహారాన్ని గది వేడిలో రెండు గంటలకు మించి ఉంచరాదని, 32 డిగ్రీలు దాటిన వాతావరణంలో ఒక గంటకు మించరాదని నిపుణులు చెబుతారు. ఏప్రిల్, మే నెలల్లో మన ఇళ్ళల్లో ఆ 32 డిగ్రీలు పొద్దున్నే దాటిపోతుంది.

“వాసన చూస్తే తెలిసిపోతుంది” అన్న మాట మన ఇళ్ళల్లో తరచుగా వింటాం. అది సగమే నిజం. పాలు విరగడం, నూనె చెడు వాసన రావడం ముక్కుకు తెలుస్తుంది. కానీ మనలను ఆసుపత్రి పాలు చేసే క్రిములు అనేకం రంగును, రుచిని, వాసనను మార్చవు. కొన్ని క్రిములు వదిలే విషం మరిగించినా పోదు. వేరుశనగలు, ఎండుమిర్చి, మొక్కజొన్న వంటి వాటిపై పట్టే ఒక రకం బూజు అఫ్లాటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. మామూలు వంటకు అది లొంగదు. మెత్తని ఆహారంపై కనిపించే బూజు పైపైన మాత్రమే ఉండదు. దాని దారాలు కంటికి కనిపించకుండా లోపలికి పాకి ఉంటాయి. అందుకే బ్రెడ్డులో ఒక ముక్కకు బూజు పడితే ఆ ప్యాకెట్ మొత్తం, జామ్‌లో పడితే ఆ సీసా మొత్తం వదులుకోవాలి. దాదీ చెప్పినట్లు తుడిచివేస్తే సరిపోదు.

హైదరాబాద్ నేర్పిన పాఠం

ఈ మాటలు పుస్తకాలకే పరిమితం కావు. 2024 అక్టోబరు చివర హైదరాబాద్‌లో రోడ్డు పక్కన మోమోలు తిన్న అనేకులు అస్వస్థులయ్యారు. ఒక మహిళ మరణించింది. వాటికి తోడుగా ఇచ్చే మయోనైజ్‌పై అనుమానాలు వ్యక్తమయ్యాయి. అక్టోబరు 30న తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్డుతో చేసే మయోనైజ్ తయారీని, నిలువను, అమ్మకాన్ని ఏడాదిపాటు నిషేధించింది. తరువాత తమిళనాడు కూడా అదే బాట పట్టింది.

పచ్చి గుడ్డు, నూనె కలిపిన మెత్తని పదార్థం గది వేడిలో గంటల తరబడి ఉండడం ఎంత ప్రమాదకరమో ఆ నిర్ణయం మనకు గుర్తుచేస్తుంది. కర్మాగారంలో తయారై సీసాలో వచ్చేది దానికంటే భద్రమైనదే. అయినా తెరిచిన తరువాత ఎండలో బల్లపై వదిలేస్తే ఆ భద్రత కరిగిపోతుంది. షవర్మా, శాండ్‌విచ్‌లను మన పిల్లలు ఇష్టంగా తింటారు. ఆ దుకాణంలో సాస్ సీసాలు ఎక్కడ ఉంచారో ఒకసారి చూసి కొనడం తల్లిదండ్రుల బాధ్యత.

చిన్నారుల ఆహారం: మొదటి జాగ్రత్త ఇక్కడే

పెద్దలకు ఒక పూట కడుపునొప్పితో పోయేది పసిపిల్లలకు ప్రాణాంతకం కావచ్చు. అందుకే మొదటి శ్రద్ధ వారి డబ్బాలపై ఉండాలి.

తల్లి పాలకు సీలు లేదు, గడువు లేదు, మూత లేదు. మొదటి ఆరు నెలలు బిడ్డకు అవి మాత్రమే ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. అల్ బఖర సూరాలోని 233వ వాక్యం పూర్తి కాలం పాలివ్వదలచిన వారి కోసం రెండేళ్ళ గడువును ప్రస్తావిస్తుంది. వైద్యుల సలహాపై పాలపొడి ఇవ్వవలసి వస్తే, డబ్బా తెరిచిన నాటి నుంచి నెలలోపు వాడేయాలి. లేబుల్ అంతకంటే తక్కువ చెబితే దానినే పాటించాలి. డబ్బాను ఫ్రిజ్‌లో కాకుండా చల్లని, పొడి చోట ఉంచాలి. కాచిన నీటిలో కలిపిన పాలను రెండు గంటల్లోపు తాగించాలి. బిడ్డ నోరు పెట్టిన సీసాలో మిగిలినవి గంట దాటితే పారబోయాలి. బిడ్డ లాలాజలంలోని క్రిములు ఆ పాలలో కలిసి ఉంటాయి. ఆ మిగులును మళ్ళీ వేడిచేసి తాగించడం మేలు కాదు, కీడు.

మన ఊళ్ళలో ఏడు నెలల నుంచి మూడేళ్ళ పిల్లలకు అంగన్‌వాడీ కేంద్రాలు బాలామృతం ఇస్తాయి. వేయించిన గోధుమలు, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె కలిసిన పొడి అది. ప్రభుత్వ రంగంలోని తెలంగాణ ఫుడ్స్ దానిని తయారుచేస్తుంది. నెలకు 2.5 కిలోల పొట్లం, అంటే రోజుకు 100 గ్రాముల చొప్పున 25 రోజులకు సరిపోయేది. ఒకే పొట్లం దాదాపు నెలంతా తెరిచి ఉంటుందన్న మాట. అందులో పాలపొడి, నూనె ఉన్నాయి కనుక తేమ తగిలితే ఉండలు కడుతుంది, పురుగు పడుతుంది, గాలి తగిలితే పాత నూనె వాసన వస్తుంది.

దీనికి ఖర్చు లేని ఉపాయం ఉంది. పొట్లం తేగానే ముందు తేదీ చూడండి. తెరిచిన రోజునే వారానికి సరిపడా పొడిని బాగా ఆరిన స్టీలు డబ్బాలో పోసుకోండి. మిగిలిన పొట్లం లోపలి గాలిని నొక్కివేసి, మూతి గట్టిగా మడిచి, బట్టల క్లిప్పు పెట్టి, మరో మూత ఉన్న డబ్బాలో దాచండి. రోజూ తెరిచేది చిన్న డబ్బానే. తడి చేయి, తడి చెంచా అందులో పెట్టకండి. కాచిన నీళ్ళతో ఒక పూటకు కావలసినంతే కలపండి. కలిపిన ముద్ద మిగిలితే సాయంత్రానికి దాచకండి.

తెరిచిన తరువాత ఎన్నాళ్ళు?

లేబుల్‌పై స్పష్టంగా రాసి ఉంటే అదే ప్రమాణం. అది లేనప్పుడు ఈ సాధారణ లెక్కలు ఉపయోగపడతాయి.

పాకెట్ పాలు: తెచ్చిన వెంటనే కాచి, చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే రెండు రోజులు. ఫ్రిజ్ లేకపోతే ఆ రోజుకే. టెట్రా ప్యాక్ పాలు తెరిచాక ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు. తెరిచిన టెట్రా ప్యాక్‌ను బయట వదిలితే అది కూడా మామూలు పాలే.

పనీరు: తెరిచాక ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు. తీపి చిక్కపాలు, అనగా కండెన్స్‌డ్ మిల్క్: డబ్బాలోనే ఉంచక గాజు లేదా స్టీలు గిన్నెలోకి మార్చి, మూతపెట్టి, ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు. ఈద్ నాడు షీర్ ఖుర్మా కోసం తెరిచిన డబ్బాలో సగం మిగిలితే దానిని మరుసటి వారానికి వాయిదా వేయకండి.

డబ్బాల్లో వచ్చే కూరలు, పండ్ల ముక్కలు: వేరే గిన్నెలోకి మార్చి ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు. తెరవకముందే ఉబ్బిన డబ్బాను, తెరవగానే చిమ్మిన డబ్బాను రుచి కూడా చూడకుండా పారవేయాలి.

టమాటా సాస్: ఫ్రిజ్‌లో ఆరు నెలల వరకు, బయట ఒక నెల. మయోనైజ్: ఎల్లప్పుడూ ఫ్రిజ్‌లోనే, రెండు నెలల్లోపు. అల్లం వెల్లుల్లి ముద్ద: ఫ్రిజ్‌లో, పొడి చెంచాతో, సుమారు నెల. జామ్: ఫ్రిజ్‌లో నెలలపాటు నిలుస్తుంది. అయితే రొట్టె ముక్కలు అంటిన చెంచా అందులో పెట్టకూడదు.

ఊరగాయ: ముక్కలపై నూనె తేలుతున్నంత కాలం ఫ్రిజ్ అవసరం లేదు. చేయి పెట్టరాదు, తడి తగలరాదు. పెద్ద జాడీని పదేపదే తెరవక చిన్న సీసాలోకి కొంచెం తీసుకొని వాడడం మన పెద్దల పద్ధతే.

వంటనూనె: పొట్లం కత్తిరించాక పొడి సీసాలో పోసి, పొయ్యికి, వెలుతురుకు దూరంగా ఉంచి, నెల రెండు నెలల్లో వాడాలి. పాత నూనె అడుగున ఉండగా కొత్తది పోయకండి. గోధుమ పిండి: వానాకాలంలో చిన్న పొట్లాలే కొనండి. బ్రెడ్డు: మూడు నాలుగు రోజులు.

ఇంట్లో ఫ్రిజ్ ఉన్నా కరెంటు పోతే ఏమి చేయాలి? తలుపు తెరవకుండా ఉంచితే ఫ్రిజ్ సుమారు నాలుగు గంటలు చల్లదనాన్ని నిలుపుతుంది. నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలు, సగం ఉన్నది 24 గంటలు నిలుపుతుంది. అంతకు మించితే పాలు, మాంసం, పనీరు వంటివాటిని నమ్మకూడదు. ఫ్రిజ్ తలుపు అరలు లోపలికంటే వెచ్చగా ఉంటాయి కనుక పాలను లోపలి అరలోనే పెట్టండి.

ప్రవక్త (స) నేర్పిన వంటింటి మర్యాదలు

ఫ్రిజ్, సూక్ష్మదర్శిని లేని కాలంలో దైవప్రవక్త ముహమ్మద్ (సల్లల్లాహు అలైహి వసల్లమ్) నేర్పిన మర్యాదలను ఈ వెలుగులో చూస్తే హృదయం కృతజ్ఞతతో నిండుతుంది. రాత్రివేళ పాత్రలపై మూతలు పెట్టమని, నీటి తిత్తుల మూతులు కట్టమని ఆయన ఆదేశించినట్లు హజ్రత్ జాబిర్ (రజి) ఉల్లేఖించారు. నిద్ర లేచినవారు చేతులు కడుక్కోకుండా పాత్రలో ముంచవద్దన్నారు. తాగే పాత్రలో ఊపిరి వదలవద్దన్నారు. తిత్తి మూతికి నోరు పెట్టి తాగడాన్ని వారించారు. ఈ హదీసులు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నాయి. ఫ్రిజ్‌లోని పెద్ద సీసాను నోటికి ఎత్తుకొని తాగి తిరిగి లోపల పెట్టే మన యువకులు ఈ చివరి మాటను గుర్తుంచుకోవాలి.

మరో ఉదంతం మన విషయానికి మరింత దగ్గరది. ఎండుద్రాక్ష లేదా ఖర్జూరాలను నీటిలో నానబెట్టి చేసే నబీజ్ పానీయాన్ని ప్రవక్త (స) కోసం సిద్ధం చేసేవారు. ఆయన దానిని ఆ రోజు, మరుసటి రోజు, మూడవ రోజు సాయంత్రం వరకు సేవించేవారని, ఆ తరువాత మిగిలినది ఇతరులకు ఇప్పించేవారని లేదా పారబోయించేవారని హజ్రత్ ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. దానిలో మార్పు రాకుంటే ఇచ్చేవారని, మార్పు వస్తే పారబోయించేవారని పండితులు వివరించారు. పులిసి మత్తు పదార్థంగా మారుతుందన్నదే అక్కడి ప్రధాన కారణం. అయినా ఒక పాఠం స్పష్టం. నిలువచేసిన దానికి ఒక గడువు ఉండాలి, ఆ గడువు దాటి పాడైనదానిని పారబోయడం వృథా కిందికి రాదు.

మరి ఇస్రాఫ్ సంగతి?

దాదీ భయానికి ఇప్పుడు సమాధానం చెప్పాలి. తినండి, తాగండి, మితిమీరకండి అన్నది అల్ ఆరాఫ్ సూరా 31వ వాక్యంలోని బోధ. కిందపడిన ముద్దను కూడా వదలవద్దని ప్రవక్త (స) చెప్పారు. అయితే దానికి అంటిన మలినాన్ని తొలగించి తినమన్నారన్న సంగతి మరచిపోకూడదు. తొలగించలేని మలినం కలిసినప్పుడు, ప్రాణానికి హాని చేసుకోవద్దన్న ధర్మం ముందు నిలుస్తుంది.

అసలు వృథా ఎక్కడ జరుగుతుంది? పారవేసిన రోజున కాదు, అవసరానికి మించి కొన్న రోజున, అవసరానికి ముందే తెరిచిన రోజున. ఒకటి కొంటే ఒకటి ఉచితమన్న ఆశతో కొన్న సాస్ సీసా, అతిథి కోసమని మూడూ ఒకేసారి తెరిచిన బిస్కట్ పొట్లాలు, వీటి దగ్గరే ఇస్రాఫ్ జరిగిపోయింది. చెత్తబుట్ట దాని చివరి మజిలీ మాత్రమే.

ఈ విషయంలో ఖుర్‌ఆన్ మనకు ఒక అద్భుతమైన నమూనా చూపుతుంది. రాజుగారి కలకు భావం చెబుతూ హజ్రత్ యూసుఫ్ (అలైహిస్సలామ్) ఏడేళ్ళ పంటను రాబోయే కరువు కోసం దాచమన్నారు. ఎలా దాచాలి? కోసిన ధాన్యాన్ని వెన్నులలోనే ఉంచాలి, తినడానికి కావలసిన కొంచెం మాత్రమే వేరు చేయాలి అని యూసుఫ్ సూరా 47వ వాక్యంలో ఉంది. వెన్ను అంటే గింజకు అల్లాహ్ చేసిన పొట్లం. దానిని విప్పకుండా ఉంచినంత కాలం గింజ భద్రం. తినేంతే విప్పాలి. జొన్న వెన్నులను చూసి పెరిగిన మన ఊళ్ళకు ఈ మాట వేరే వివరణ లేకుండానే అర్థమవుతుంది. చిన్న పొట్లం కొనడం, ఒకటి ముగిశాకే రెండోది తెరవడం ఈ నమూనాను నేటి వంటగదికి తెచ్చుకోవడమే.

దుకాణదారు సోదరులకు ఒక మాట

మన సోదరులలో అనేకులు కిరాణా, బేకరీ, హోటల్ వ్యాపారంలో ఉన్నారు. మదీనా అంగడిలో ఒక ధాన్యపు కుప్పలో ప్రవక్త (స) చేయిపెట్టి చూడగా లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పాడు. ప్రజలకు కనిపించేలా దానిని పైన ఉంచవలసిందని ఆయన మందలించారు, మోసం చేసేవాడు తమవాడు కాడని హెచ్చరించారు. గడువు తీరిన పొట్లాన్ని కొత్త వాటి వెనుక దాచి అమ్మడం, తేదీని చెరిపివేయడం, విప్పిన మూటలోని సరుకును కొత్త సంచిలో నింపి తాజాదని చెప్పడం, ఇవన్నీ ఆ తడి ధాన్యం కోవలోవే. పాత సరుకు ముందు, కొత్త సరుకు వెనుక ఉంచడం, గడువు దగ్గరపడినదానిని ఆ సంగతి చెప్పి తక్కువ ధరకు ఇవ్వడం నిజాయితీగల వ్యాపారం.

కొనేవారు కూడా తమ హక్కు తెలుసుకోవాలి. పొట్లంపై 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ లైసెన్సు సంఖ్య, తేదీలు ఉన్నాయో లేదో చూడాలి. గడువు తీరినవి అమ్ముతుంటే ముందు మర్యాదగా చెప్పాలి. వినకుంటే 1800112100 అనే ఎఫ్ఎస్ఎస్ఏఐ ఉచిత నంబరుకు ఫిర్యాదు చేయవచ్చు.

అస్వస్థత కలిగితే

ఆహారం వికటించి వాంతులు, విరేచనాలు మొదలైతే ఒంట్లో నీరు తగ్గకుండా చూడడం మొదటి పని. ఓఆర్ఎస్ పొట్లంపై ఎంత నీరు చెప్పారో అంత శుభ్రమైన నీటిలో పొట్లం మొత్తం కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. సాధారణంగా పెద్ద పొట్లానికి ఒక లీటరు నీరు. ఆ ద్రావణానికీ గడువుంది. 24 గంటలు దాటితే పారబోసి కొత్తది కలపాలి. మలంలో రక్తం, తీవ్ర జ్వరం, ఆగని వాంతులు, మూత్రం తగ్గడం, పసిబిడ్డ మగతగా ఉండడం, కళ్ళు లోపలికి పోవడం కనిపిస్తే ఇంటి వైద్యంతో కాలయాపన చేయక ఆసుపత్రికి తీసుకుపోవాలి. 108కి ఫోన్ చేయాలి. గర్భిణులు, వృద్ధులు, మధుమేహం ఉన్నవారి విషయంలోనూ ఇంతే తొందర అవసరం.

ఒక చిన్న అలవాటు

ఇన్ని విషయాలలో అన్నీ గుర్తుండకపోవచ్చు. ఒక్క అలవాటు చేసుకుంటే మిగిలినవి దానంతటవే దారిలో పడతాయి. వంటగదిలో ఒక పెన్ను, కొంచెం కాగితపు టేపు ఉంచండి. బిస్మిల్లాహ్ పలికి ఏ పొట్లం తెరిచినా ఆ రోజు తేదీ రాసి దానిపై అంటించండి. ఈ పనిని ఇంట్లోని చదువుకునే బిడ్డకు అప్పగించండి. కంగ్టిలోని ఆ మనవరాలు ఇక వచ్చే సంవత్సరపు తేదీని కాదు, తెరిచిన నాటి తేదీని చదివి వినిపిస్తుంది. దాదీకి పారవేయవలసిన అగత్యం తగ్గుతుంది, తల్లికి భయం తగ్గుతుంది.

అల్ బఖర సూరా 259వ వాక్యంలో ఒక వ్యక్తిని అల్లాహ్ నూరేళ్ళు మరణస్థితిలో ఉంచి లేపిన వృత్తాంతం ఉంది. అతని ఆహారం, పానీయం అంతకాలమూ చెడలేదు. అది అల్లాహ్ చూపిన అసాధారణ సూచన. మన వంటగదికి ఆయన నిర్ణయించిన సాధారణ నియమం వేరు. తెరిచినది మారుతుంది, కాలం గడిస్తే చెడుతుంది. ఆ నియమాన్ని తెలుసుకొని, ఆయన ఇచ్చిన ఆహారాన్ని చెడకముందే తిని, మిగిలేటట్లయితే చెడకముందే పొరుగువారితో పంచుకోవడం కృతజ్ఞత చూపడమే.

మన భోజనాన్ని హలాల్‌గా, తయ్యిబ్‌గా ఉంచుకునే వివేకాన్ని, మన పిల్లలకు ఆరోగ్యాన్ని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.